పసుపు గీత

పర్లాకిమిడిలో మా సినిమా హాలు గుమ్మానికి
ఎడమ ద్వారబంధం మీద
పసుపు పెయింటుతో అడ్డంగా ఒక గీత.
తల గీత దాటితే పెద్దవాళ్లు,
దాటకపోతే పిల్లలు.
పుట్టిన తేదీలు ఎవరికి తెలుసు మా వీధిలో?
తుఫాను ఏడాది ఒకడు,
పట్టాలు కొట్టుకుపోయిన ఏడాది ఒకర్తి,
అలా పుట్టాం అందరం.

నౌపడా నుంచి చిన్న రైల్లో
రేకు పెట్టెలో దిగేది సినిమా.
పోస్టరు మీద అడ్డంగా
'పెద్దలకు మాత్రమే' అని తెలుగులో ఒక చీటీ,
దాని కింద ఒడియాలో ఇంకోటి.
రెండు లిపులూ గుండ్రమే,
గేటు కూర్మయ్యకి రెండూ రావు.
చీటీ ఉందంటే గీత చూస్తాడు, అంతే.

కొమ్ము దువ్వెనలు చెక్కే దాలయ్య
ముగ్గురు పిల్లల తండ్రి, పొట్టివాడు.
రెండుసార్లు ఆ గీత కిందనుంచే తిరిగిపోయాడు.
మూడోసారి సాక్ష్యానికి
పెద్దకూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు.
కూర్మయ్య ఇద్దర్నీ ఆపేశాడు.

నాకు పదమూడు.
అక్క చీర, అక్క జాకెట్టు,
జాకెట్టు వెనక నాలుగు పిన్నీసులు.
"ఏటే గుంటా, గీత కాడ నిలబడు."
నిలబడ్డాను.
కుచ్చిళ్లు కప్పుతాయి కదా అని
మడమలు ఎత్తాను.
కూర్మయ్య నా తల చూడలేదు.
నేలకీ కుచ్చిళ్లకీ మధ్య లేచిన సందు చూశాడు.
తర్వాత సైకిల్ స్టాండు వైపు తిరిగి
"ఎల్లెల్లు, పేర్లు పడిపోతన్నాయి" అన్నాడు.

తెర మీద ముందు ఆ కాగితం.
సంతకాలు, ముద్ర, పెద్ద ఏ అక్షరం.
హాలంతా దానికే ఈల వేసింది.
ఆ పది క్షణాలూ నేను పెద్దదాన్ని.

సినిమాలో ఏముంది అంటే
నిజంగానే గుర్తులేదు.
ఒక వాన. ఒక తలుపు గడియ.
గడియ పడగానే బొమ్మ ఒక్క గెంతు గెంతింది.
ఎక్కడో ఏ చల్లటి గదిలోనో
నలుగురు ఆ ముక్క చూసేసి
మాకు మిగతాది పంపారు.
"మా డబ్బులు మాకిచ్చీయండి" అని కుర్చీలు బాదారు జనం.

ఆ గోలలోనే
ఆస్పత్రి వరండాలో ఒక ముసలాయన
భార్య చెప్పులు గుడ్డసంచిలో పెట్టుకుంటున్నాడు.
ఎవరూ చూడట్లేదు.
మూడో వరసలో ఒక్కరు చూస్తున్నారు,
లెక్కల బిశోయి సార్,
రుమాలు నోట్లో కుక్కుకుని.
భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.
బెత్తం లేకుండా ఆయన్ని
అప్పుడే చూడటం.
తల తిప్పారు.
నన్ను చూశారు, నా చీరని చూశారు.

మర్నాడు హాజరు పట్టీలో నా పేరు దగ్గర
కొంచెంసేపు ఆగారు.
"ఉపస్థిత్, ఆజ్ఞా" అన్నాను.
తల ఎత్తలేదు.
ఆ ఏడాదంతా నా అరచేతి మీద బెత్తం పడలేదు.
లెక్కల్లో నలభై ఒకటి.
వచ్చాయో, ఇచ్చారో.

ఇప్పుడు ఫోనులో బొమ్మ మొదలవగానే
మూలన చిన్న అంకెలు,
పదమూడు దాటాలి, పదహారు దాటాలి.
పక్కన కారణాలు కూడా,
హింస, భయం, బూతులు.
చెప్పులు అని రాయరు.
నాలుగంకెల తాళం పెట్టుకోమంటుంది.
పెట్టాను.
తపన్‌కి ఆ అంకెలు తెలుసని నాకు తెలుసు,
నాకు తెలుసని వాడికి తెలీదు అనుకుంటాను.

హాలు మూసి చాన్నాళ్లయింది.
లోపలంతా టైర్ల వాసన, గోడౌను.
మొన్న స్కూటీకి టైరు కోసం వెళ్తే
"ఈ గీతేంటమ్మా" అన్నాడు వాడు.
రెండు పొరల సున్నం కిందనుంచి
పసుపు ఇంకా కనిపిస్తోంది.
చెప్పాను, సగం.
వెళ్లి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.
వేలెడు తక్కువ.
బూటు మడమలు నెమ్మదిగా
నేల వదులుతున్నాయి.

నేను కొట్టతన్ని
టైరు ధర అడుగుతున్నాను.